మనయింటి కోడలైన రామములగ

జపానుదేశపు సుషి యను వంటకమును గూర్చి మీలో కొందఱు వినియుందురు. సిర్కా కలిపిన యన్నమును, పచ్చిచేపముక్కలను ఎండిన సముద్రపు నాచురేకులో చుట్టుట దానిలో నొక విధము. ఈ వంట అమెరికాకు పోగా, ఆ నల్లని నాచును, పచ్చిచేపను చూచి యచ్చటివారిలో పెక్కురు వెనుదీసిరి. అంతట 1960-70 ప్రాంతములలో లాస్ ఏంజిలిస్ నగరపు జపాను వంటవారు కొవ్వుచేపకు మాఱుగా అవకాడో పండును, ఉడికిన పీతమాంసమును పెట్టి, నాచును లోపలికిని, అన్నమును వెలుపలికిని త్రిప్పి చుట్టిరని చెప్పుదురు. ఇది సుషియే కాదని పూర్వాచారపరులు ముక్కు విఱిచిరి. తినువారు మాత్రము మానలేదు.

దీనికి మనము నవ్వవలసిన పని లేదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పము సీమలోని పళ్ళెము నొకమాఱు చూడుడు. రాగిసంగటి, చెనిక్కాయల ఊరిబిండి, టమాట పప్పు. ఇంతకంటె అచ్చముగా మనదేమున్నదని యందుము. కాని రాగి వేలయేండ్ల క్రిందట తూర్పు ఆఫ్రికానుండి వచ్చిన పైరు. చింతచెట్టు పుట్టినిల్లును ఆఫ్రికాయే. మిరప, వేరుసెనగ, టమాట, ఈ మూడును అమెరికా ఖండమువి. 1498లో పోర్చుగీసు ఓడలు మన తీరము చేరుటకు ముందు మన యవ్వలు కారమునకు మిరియమునే నూఱెడివారు. నేటికిని పెక్కిండ్లలో పితృకార్యమునాడు మిరపకాయను, టమాటను పొయ్యిదరికి రానీయరు. కొత్తకోడలిపై అత్తగారి పట్టుదల ఆ యొక్కదినమున మిగిలియున్నది!

టమాటను మెక్సికోవారు సాగుచేసిరి. పేరును వారి భాషదే. విషపుమొక్కల కుటుంబములోనిదని ఐరోపాలో చిరకాలము దానిని శంకించిరి. మనవారు పోలిక చూచి, ములగజాతిదని గుర్తించి రామములగ యని పేరిడిరి. కుప్పము వైపున అరవపు పొరుగువలన తక్కాళి యనువారును కలరు. దొరలు పచ్చిగా కోసి తిను కాయకు మనము తాలింపు పెట్టి, పప్పులో వేసి, చింతపండు చేయు పని నప్పగించితిమి.

మదనపల్లె పీఠభూమి రెండువేల అడుగులకు పైబడిన చల్లని చోటగుటచే, టమాట యచ్చట చక్కగా పండును. అచ్చటి సంత దేశమునందే పేరెన్నికగన్నది. 2023 జూలైలో ధర కిలో నూఱు రూపాయలు దాటిపోయెను. వేఱొకప్పుడు కోతకూలియు రాక పండ్లు చేనిలోనే కుళ్ళును. తెల్లవాఱకమునుపే చేనికి పోయి కాయలు కోయునది పెక్కుచోట్ల స్త్రీయే. ధర పడిననాడు ఆమె కూలియు పడును. దూరపు పట్టణములకు లారీలలో చితుకక పోవలెనని గట్టితోలు సంకరజాతులను నాటుచున్నారు. వానిలో నాటుకాయకున్న పులుపు లేదు. కనుక పప్పులోనికి చింతపండును మరల పిలువవలసి వచ్చినది. కోడలు నీరసింపగా అత్తగారు తిరిగి పొయ్యియొద్దకు వచ్చినట్లు!

ధర తగ్గినపుడు నిలువపచ్చడి పెట్టుకొనుట మేలు. పండినవైనను గట్టిగానున్న కాయలను కడిగి, తడి లేకుండ తుడిచి, ముక్కలు కోసి, ఉప్పు పసుపు కలిపి జాడీలో మూడుదినములుంచుడు. పిదప ముక్కలను పిండి యెండబెట్టి, ఊరిన రసములో గింజలు తీసిన చింతపండు నానవేయుడు. ముక్కలు ఎండిన తరువాత రెంటిని కలిపి రుబ్బి, కారము, వేయించిన మెంతులపొడి, ఆవపొడి చేర్చి, నువ్వులనూనెతో ఇంగువ తాలింపు పెట్టి, చల్లారిన పిమ్మట కలుపుడు. కళాయి లేని యిత్తడి పాత్రలోగాని, అల్యూమినియపు గిన్నెలోగాని ఉంచరాదు. పులుపునకు లోహము కరగును. పింగాణి జాడీయే తగినది. నూనె పైకి తేలియుండవలెను.