కోత ఒక్కటే వైద్యమా?

గుట్కా, జర్దా, తంబాకు నమిలి నమిలి బుగ్గల లేచిన పుండు క్యాన్సరని తేలితే ఇంటోళ్లు అడిగే మొదటి మాట "బతుకుతడా?" అనే. తొలి దశల పట్టుకుంటే చాలామంది బతుకుతరు. ఎట్ల బతుకుతడు అని మాత్రం ఎవరూ అడుగరు. అడగాల్సింది ఆ ప్రశ్నే.

క్యాన్సర్ గడ్డతోపాటు చుట్టూ ఉన్న మంచి కండను కూడా కొంత తీయాలె. ఒక్కోసారి చెంప తోలు, దవడ ఎముక కూడా పోతయి. ముందు దవడ తీసి అట్లనే వదిలేస్తే గదుమ లోపలికి కుంగుతది. చొంగ ఆగదు, బువ్వ నమలరాదు, మాట తెలువదు. రోగం పోయినా మనిషి నలుగుట్ల కూసోలేడు.

అందుకే ఫ్లాప్ సర్జరీ. ఒంట్ల ఇంకోచోటి తోలు, కండ, ఎముకను రక్తనాళంతో సహా తెచ్చి ఆ గుంతను పూడ్చుడు. ఛాతీ కండను మెడ తోలు కిందినుంచి నోటికి మలిపే పద్ధతిని 1979ల స్టీఫెన్ ఏరియన్ అనే సర్జన్ వివరించిండు. దానికి మైక్రోస్కోపు అక్కరలేదు. కాలి సన్న ఎముకతో దవడ కట్టే పద్ధతిని 1989ల డేవిడ్ హిడాల్గో చూపించిండు. ఇందుల రెండు, మూడు మిల్లీమీటర్ల నాళాలను మైక్రోస్కోపు కింద కుట్టాలె. ఒంటి బరువు మోసేది పెద్ద ఎముక గనుక మనిషి మళ్ల నడుస్తడు.

ఇదంతా అందం కోసమనేటోళ్లున్నరు. శుద్ధ తప్పు. రేడియేషన్ అవసరమైనోళ్లకు ఆపరేషనైన ఆరు వారాలల్ల అది మొదలుకావాలె. పుండు మూతపడకుంటే ఎట్ల మొదలుపెడతరు? ముఖం కట్టుడు కూడా క్యాన్సర్ వైద్యమే.

2007ల ఆరోగ్యశ్రీ వచ్చింది. 2023 డిసెంబర్‌ల దాని పరిమితి 10 లక్షలకు పెరిగింది. మంచిదే. కానీ కార్డు నాళాలు కుట్టదు గదా! శిక్షణ పొందిన సర్జన్ కావాలె. రాత్రంతా గంటగంటకు ఫ్లాప్ రంగు చూసే నర్సు కావాలె. మింగుడు, మాట్లాడుడు మళ్ల నేర్పేటోళ్లు కావాలె. ఆదిలాబాద్ కూలీ రెడ్‌హిల్స్‌ల ఉన్న ఎంఎన్‌జే దవఖానకు రావాలంటే సుమారు 300 కిలోమీటర్లు. వెంబడి వచ్చినోళ్ల కూలి, తిండి ఎవరిస్తరు?

కనీసం ఛాతీ ఫ్లాప్ అయినా ప్రతి సర్కారు బోధనాసుపత్రిల జరగాలె. పెద్ద ఆపరేషన్లకు నగరంల పడకలు, సిబ్బంది పెంచాలె. న్యాయమైన వాటా అడుగుడు మనకు కొత్తగాదు.

విద్యార్థులారా, హాస్టళ్లకు గుట్కా ప్యాకెట్ రానీయకండి. ఉద్యోగ మిత్రులారా, మీ ఆఫీసుల ఎవరికన్నా నోట్లె పుండు మూడు వారాలైనా మానకుంటే, నోరు సరిగ తెరుచుకోకుంటే దవఖానకు తోలుకపోండి. గడ్డ చిన్నగున్నప్పుడే పోతే కోతా చిన్నదే అయితది.