సాగరతీర్థ రక్షణ: స్నానంతో ముగియని వ్రతం

‘తీర్థం’ అనే శబ్దం ‘తౄ’ ధాతువు నుండి పుట్టినది. దాటించేది తీర్థం. నీటిలోకి దిగే రేవు అనే లౌకికార్థం, సంసారాన్ని తరింపజేసేది అనే పారమార్థికార్థం రెండూ ఆ ఒక్క పదంలో ఇమిడి ఉన్నవి. రేవు లేనిదే దాటడం లేదు. రేవును పాడుచేసుకున్నవానికి ఆవలి ఒడ్డు చేరే దారి ఉండదు. ఇంత సులభమైన సత్యం నేడు సముద్రతీర క్షేత్రాలలో పరీక్షకు గురవుతున్నది. ఆ పరీక్ష అందరికీ కనబడేటట్లు జరుగుతున్న స్థలం రామేశ్వరం.

ద్వాదశ జ్యోతిర్లింగాలలో ఒకటిగా, చతుర్ధామాలలో ఒకటిగా వెలుగొందే ఈ క్షేత్రంలో ఆరాధ్యుడైన రామనాథస్వామి సైకతలింగమూర్తి. సీతమ్మ తన చేతులతో ఇసుకను ప్రోగుచేసి రూపొందించిన లింగమే శ్రీరామ పూజితమైనదని స్థలపురాణ సంప్రదాయం. కాశీ రామేశ్వర యాత్ర చేసే తెలుగు కుటుంబాలు తరతరాలుగా పాటిస్తున్న ఆచారం కూడా ఇసుకతోనే ముడిపడి ఉన్నది. సేతుతీరంలో తీసిన ఇసుకను ప్రయాగకు కొనిపోయి త్రివేణీసంగమంలో కలుపుతారు. అక్కడి గంగాజలాన్ని తెచ్చి రామనాథునికి అభిషేకం చేస్తారు. గుప్పెడు ఇసుకను పూజాద్రవ్యంగా భావించి వందల క్రోసుల దూరం మోసుకొనిపోయిన జాతికి తీరభూమి పవిత్రతను వేరొకరు బోధించవలసిన అవసరం లేదు.

అయినప్పటికీ ఆలయానికి తూర్పున ఉన్న అగ్నితీర్థంలో నిత్యం కనిపించే దృశ్యం ఈ సంస్కారానికి విరుద్ధంగా ఉన్నది. సముద్రస్నానం చేసిన యాత్రికులు అనేకులు తడిబట్టలను నీటిలోనే విడిచిపెడుతున్నారు. కట్టుకున్న వస్త్రంతో పాటు కట్టుకున్న పాపం కూడా పోతుందని వారి విశ్వాసం. ఆ తరువాత వారు ఆలయంలోని 22 తీర్థాల స్నానానికి వెళ్ళిపోతారు. వస్త్రం మాత్రం ఎక్కడికీ పోదు. నేడు ధరించే వస్త్రాలలో అధికభాగం పాలిస్టర్ వంటి కృత్రిమ తంతువులతో నేసినవి. అవి నీటిలో కుళ్ళి మట్టిలో కలిసేవి కావు. అలల వెంట కొట్టుకుపోయి, ఇసుకలో కూరుకుపోయి, నీటి అడుగున ఉన్న జీవరాశిని చుట్టుకొని దీర్ఘకాలం నిలిచి ఉంటాయి.

నీటి అడుగున ఉన్న ప్రాణం

ఆ నీటి అడుగున ఏమున్నదో యాత్రికులలో చాలామంది ఎరుగరు. పాంబన్ నుండి రామేశ్వరం వరకు పాక్ అఖాతపు తీరాన్ని అంటిపెట్టుకొని పగడపు దిబ్బ ఒకటి ఉన్నది. దక్షిణాన మన్నార్ సింధుశాఖలో, రామేశ్వరానికీ తూత్తుకుడికీ నడుమ 21 చిన్న దీవుల వరుస ఉన్నది. వాటి చుట్టూ పగడాలు విస్తరించి ఉన్నవి. ఈ దీవులను 1986లో సముద్ర జాతీయోద్యానంగా, 1989లో ఈ ప్రాంతాన్ని జీవావరణ పరిరక్షణ మండలంగా ప్రకటించారు.

నవరత్నాలలో ఒకటిగా ఎంచబడే పగడం రాయి అని లోకవాడుక. వాస్తవానికి అది కోటానుకోట్ల సూక్ష్మజీవుల నివాసం. ఒక్కొక్క జీవి తన చుట్టూ సున్నపు గూడును కట్టుకుంటుంది. తరం మీద తరం అదే గూటిపై నిర్మాణం కొనసాగిస్తుంది. గుండ్రని బండవంటి పగడాలు సాధారణంగా ఏడాదికి ఒక సెంటీమీటరు మేరకే పెరుగుతాయి. పగడం దేహంలో నివసించే అతిసూక్ష్మమైన శైవలాలు సూర్యకాంతితో ఆహారం తయారుచేసి తమకు ఆశ్రయమిచ్చిన జీవిని పోషిస్తాయి. నీరు మితిమీరి వేడెక్కినప్పుడు ఆ బంధం తెగిపోతుంది. శైవలాలను కోల్పోయిన పగడం తెల్లబడి, వేడి తగ్గకపోతే మరణిస్తుంది. మన్నార్ ప్రాంతంలో 2010లోనూ, 2016లోనూ ఇటువంటి విపత్తు తీవ్రంగా సంభవించింది. సముద్రతలంలో పగడపు దిబ్బలు ఆక్రమించిన భాగం నూటికి ఒక వంతు కూడా లేదు. అయినా సముద్రజీవజాతులలో దాదాపు నాలుగవ వంతు వాటినే ఆశ్రయించి బ్రతుకుతున్నవి.

ఈ జీవికి కావలసినవి రెండే: తేటనీరు, సూర్యకాంతి. విడిచిన చీర ఒకటి దానిపై పరచుకొంటే రెండూ ఒకేసారి దూరమవుతాయి. భూతాపాన్ని ఒక యాత్రికుడు తగ్గించలేడు. తన వస్త్రాన్ని తన వెంట తీసుకొనిపోవడం మాత్రం పూర్తిగా అతని చేతిలో ఉన్న పని. వేడికి కృశించి తిరిగి కోలుకోవాలని చూస్తున్న ప్రాణిపై మరొక భారాన్ని మోపి, దానిని పాపవిమోచనమని పిలవడం ధర్మానికి తగిన భాష కాదు.

శ్రుతి విధించిన నియమం

జలం పట్ల ఎట్లా మెలగాలో శ్రుతి స్పష్టంగా చెప్పింది. తైత్తిరీయారణ్యకంలోని మొదటి ప్రపాఠకం అరుణప్రశ్నగా ప్రసిద్ధం. సూర్యనమస్కారాలతో అరుణపారాయణ చేసే సంప్రదాయం తెలుగునాట నేటికీ సజీవంగా ఉన్నది. అందులోని ఆరుణకేతుక చయనంలో నీటినే ఇటుకలుగా భావించి అగ్నిని చయనం చేస్తారు. ఆ వ్రతం ఆచరించేవానికి కొన్ని నియమాలు విధించబడ్డాయి. నీటిలో మలమూత్ర విసర్జన చేయరాదు. ఉమ్మివేయరాదు. వివస్త్రుడై స్నానం చేయరాదు. తాబేలు మాంసం తినరాదు. ఈ నిషేధాలకు కారణం కూడా అక్కడే చెప్పబడింది: జలంలో అగ్ని నిగూఢమై ఉన్నాడు. ఆయనను అవమానించినవానిని ఆ అగ్ని దహిస్తాడు. నియమం పాటించినవానికి జలాలు హాని చేయవు.

అగ్నితీర్థమనే పేరు గల సముద్రం ముందు నిలిచిన భక్తుడు ఈ అర్థాన్ని ఒక్క క్షణం భావిస్తే చాలు. మనుస్మృతి నాల్గవ అధ్యాయం కూడా స్నాతకధర్మాలలో జలాన్ని అపవిత్ర వస్తువులతో దూషించరాదని శాసించింది. వస్త్రత్యాగం పుణ్యమని నమ్మేవారు ఈ నిషేధాలకు ఏమి సమాధానం చెప్పగలరు? పాపం వస్త్రాన్ని అంటిపెట్టుకొని ఉండదు. అది సంస్కారరూపంలో చిత్తంలో ఉంటుంది. విడువవలసినది చిత్తంలోని అశ్రద్ధ. వస్త్రాన్ని విడిచి అశ్రద్ధను వెంటతీసుకొని ఇంటికి వెళ్ళిన యాత్ర తలక్రిందులైన యాత్ర.

తీసుకోవడంలో సంయమం

ఈ తీరంలోనే నిజమైన వ్రతనిష్ఠను ఆచరించి చూపినవారు ఉన్నారు. పాంబన్ సమీపంలోని చిన్నపాలం వంటి మత్స్యకార గ్రామాల స్త్రీలు దీవుల చుట్టూ మునిగి సముద్రపు నాచును సేకరించి జీవిస్తారు. ఆ నాచు నుండి అగర్ వంటి పదార్థాలు తయారవుతాయి. పదునైన రాళ్ళు కోసుకోకుండా వేళ్ళకు గుడ్డపీలికలు చుట్టుకొని వారు నీటిలో మునుగుతారు. జాతీయోద్యాన నియమాల వల్ల దీవులపై అడుగుపెట్టడం నిషిద్ధమైన తరువాత వారి జీవిక కష్టతరమైనది. అటువంటి స్థితిలో ఎవరైనా దొరికినంత త్వరగా దోచుకొనిపోవాలని చూస్తారు. ఈ స్త్రీలు అందుకు విరుద్ధమైన నిర్ణయం తీసుకున్నారు. సంఘంగా ఏర్పడి, నెలకు 12 రోజులు మాత్రమే సేకరణ చేయాలని తమకు తామే నియమం విధించుకున్నారు. నాచు తిరిగి పెరగడానికి వ్యవధి ఇచ్చారు. ఈ కృషికి నాయకత్వం వహించిన లక్ష్మీమూర్తికి 2015లో సీకాలజీ పురస్కారం లభించింది.

ఇక్కడ భక్తులు ఆలోచించవలసిన విషయం ఒకటి ఉన్నది. ఒకే సముద్రంలో ఒక వస్త్రం పుణ్యం పేరిట విడువబడుతున్నది. మరొక వస్త్రం గాయపడకుండా వేళ్ళకు చుట్టబడుతున్నది. సంపాదన గల యాత్రికుడు చిన్న అసౌకర్యాన్ని కూడా సహించలేక తన భారాన్ని సముద్రంపై వదలిపోతున్నాడు. దినదినం కష్టపడితేగాని పూట గడవని స్త్రీ తన ఆదాయంలో కొంత వదులుకొని సముద్రానికి విరామం ఇస్తున్నది. యోగశాస్త్రం చెప్పే అపరిగ్రహం ఎవరి ఆచరణలో ఉన్నదో వివరించనక్కరలేదు. త్యాగం ఇద్దరూ చేస్తున్నారు. తనకు అక్కరలేనిదానిని యాత్రికుడు విడిచాడు. తనకు అత్యవసరమైనదానిలో కొంత ఆమె విడిచింది.

ఇదే తీరంలో ఇతరుల సేవ కూడా సాగుతున్నది. పాంబన్‌లో 2016లో ప్రారంభమైన కడల్ ఓసై అనే సముదాయ రేడియో మత్స్యకారుల చేత, మత్స్యకారుల కొరకు నడుస్తూ, సముద్రజీవుల గురించీ మారుతున్న వాతావరణం గురించీ వారి భాషలోనే చెబుతున్నది. వివేకానంద కేంద్రం రామేశ్వరం పరిసరాలలో పూడిపోయిన ప్రాచీన తీర్థాలను పునరుద్ధరించింది. తీరంలో వస్త్రాలను, తెగిన వలలను ఏరివేసే స్వచ్ఛంద సేవకులు ఏ పేరూ ఆశించక పని చేస్తున్నారు. తెగిన వల నీటిలో ఉన్నంతకాలం చేపలను, తాబేళ్ళను పట్టి చంపుతూనే ఉంటుంది. దానిని బయటకు లాగినవాడు ఎన్ని ప్రాణాలను కాపాడాడో అతనికే తెలియదు.

రెండు ఆక్షేపణలు

ఈ సేవ పట్ల సాధకులలో రెండు విధాలైన ఉపేక్ష కనిపిస్తుంది. సముద్రుడు సర్వనదులను స్వీకరించి సర్వమాలిన్యాలను హరించేవాడు కాబట్టి ఆయనను మలినపరచడం ఎవరితరమూ కాదని మొదటి వాదం. ఇది రెండు స్థాయిల మాటలను కలిపివేయడం వల్ల కలిగిన భ్రాంతి. అధిష్ఠానమైన చైతన్యానికి మాలిన్యం అంటదు, నిజమే. వ్యవహారంలో విషం త్రాగినవాడు మరణిస్తాడు, పాలిస్టర్ కప్పుకున్న పగడం మరణిస్తుంది. అద్వైతాచార్యులెవ్వరూ పారమార్థిక సత్యాన్ని అడ్డుపెట్టుకొని వ్యావహారిక ధర్మాన్ని ఎగవేయమని బోధించలేదు. తన ఇంటి బావిలో చెత్త వేయడానికి అంగీకరించని వేదాంతి సముద్రం విషయంలో మాత్రమే బ్రహ్మవాదాన్ని ఆశ్రయిస్తే అది జ్ఞానం కాదు, సౌకర్యం.

తీరశుద్ధి పురపాలక శాఖ బాధ్యత, సాధకునికి జపధ్యానాలు చాలునని రెండవ వాదం. ప్రభుత్వ బాధ్యత ప్రభుత్వానికి ఉన్నది. వస్త్రాల సేకరణకు ఏర్పాట్లు చేయడం, మురుగునీరు సముద్రంలో కలియకుండా చూడడం స్వచ్ఛంద సేవకుల వల్ల అయ్యే పనులు కావు. అధికారులను ఆ విషయమై అడగడం కూడా పౌరధర్మమే. కాని విడిచేవారు వేలసంఖ్యలో, ఏరేవారు పదులసంఖ్యలో ఉన్నంతకాలం ఏ వ్యవస్థా విజయం సాధించదు. భగవద్గీత తృతీయాధ్యాయం కర్మబంధం లేని జ్ఞాని కూడా లోకసంగ్రహం కోసం కర్మ చేయాలని నిర్దేశించింది. జ్ఞానికే ఆ బాధ్యత ఉండగా, జ్ఞానం కోసం బయలుదేరిన సాధకునికి మినహాయింపు ఎక్కడిది?

సేవకులకూ ఒక హెచ్చరిక అవసరం. చీపురు పట్టినంతసేపటికంటె ఛాయాచిత్రాలకు నిలిచినంతసేపు ఎక్కువైతే ఆ సేవ రాజసమవుతుంది. ఒక రోజు శుభ్రపరచి ఏడాదంతా మరచితే అది ఉత్సవమే గాని వ్రతం కాదు. అంతకంటె పెద్ద దోషం మరొకటి ఉన్నది. రక్షణ పేరిట తీరంపై తరతరాలుగా బ్రతుకుతున్న నిరుపేదను దోషిగా నిలబెట్టడం. చిన్నపాలం స్త్రీల నియమం నిలబడటానికి కారణం దానిని వారే విధించుకోవడం. జీవిక కోల్పోయినవానికి నీతి బోధించే రక్షణ ఎక్కువకాలం నిలువదు. బెస్తవారిని పక్కకు నెట్టి కాక, వారిని ముందుంచుకొని సాగే సేవయే ధర్మసమ్మతం.

తెలుగు తీరానికి వర్తించే మాట

ఇది రామేశ్వరానికే పరిమితమైన విషయం కాదు. అంతర్వేదిలో, హంసలదీవిలో, సూర్యలంకలో పర్వదినాలలో సముద్రస్నానానికి వచ్చే జనసందోహం తక్కువది కాదు. మాఘఫాల్గుణ మాసాల స్నానకాలంలోనే ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఆంధ్రతీరపు ఇసుకలోకి వచ్చి గ్రుడ్లు పెడతాయి. తల్లి తాబేలు గ్రుడ్లను ఇసుకతో కప్పి సముద్రంలోకి వెళ్ళిపోతుంది. పిల్లలు ఇసుకను చీల్చుకొని రాత్రివేళ వెలుపలికి వచ్చి సముద్రంపై మెరిసే వెలుగు వైపు నడుస్తాయి. తీరంలో దీపాలు మండుతుంటే దారితప్పి మరణిస్తాయి. తీరగ్రామాల యువకులు అటవీశాఖతో కలిసి ఆ గ్రుడ్లను కాపాడి, పొదిగిన పిల్లలను నీటిలోకి విడుస్తున్నారు. శ్రీకూర్మంలో కూర్మనాథుని దర్శించి, అక్కడికి కొద్దిదూరంలో ఉన్న తీరంలో ప్లాస్టిక్ సంచులు విడిచి వచ్చే భక్తి తన ఆరాధ్యుని గుర్తించలేని భక్తి.

ఈ వ్రతానికి ద్రవ్యవ్యయం లేదు. సముద్రస్నానానికి వెళ్ళే గృహస్థుడు తడిబట్టలకు ఒక గుడ్డసంచి వెంట తీసుకొని వెళ్ళాలి. పూలు, ఆకుదొప్ప తప్ప ప్లాస్టిక్, థర్మోకోల్ నీటిని తాకనీయరాదు. వస్త్రదానం చేయదలచినవాడు ఉతికిన వస్త్రాన్ని అవసరమైనవాని చేతిలో పెట్టాలి. యాత్రలు నడిపే నిర్వాహకులు ఈ మాటను బయలుదేరే ముందే యాత్రికులకు చెప్పాలి. పురోహితులు సంకల్పంతో పాటు చెబితే ఆ మాటకు మరింత బలం కలుగుతుంది. తీరంలో ఉన్న అర్ధగంటలో పది నిమిషాలు ఇతరులు విడిచినదానిని ఏరడానికి వినియోగిస్తే ఆ పది నిమిషాలూ స్నానాంగమే.

సైకతలింగాన్ని అర్చించడానికి ఎంతో దూరం నుండి వచ్చినవాడు ఆ సైకతాన్ని తాను వచ్చినప్పటికంటె శుభ్రంగా విడిచి వెళ్ళడం కనీస మర్యాద. అంతటితో అతడు తీర్థాన్ని సేవించినవాడవుతాడు. తీర్థం అతనిని దాటిస్తుంది.

ఇతి శివమ్.