లయ చేతికి తెలియాలి

కళాభ్యాసానికి పూనుకొన్న విద్యార్థి తొలుత పారిభాషిక పదాలకు జంకుతాడు. నిజానికి అవి చేసే పనికి పెట్టిన పేర్లే. ఫ్రాన్సులో పద్నాలుగవ లూయీ 1661లో రాచ నృత్య పరిషత్తును స్థాపించిన పిమ్మట బాలే పదజాలం ఫ్రెంచి భాషలోనే స్థిరపడింది. ‘ప్లియే’ అంటే మోకాళ్లు వంచడం. ‘రెలెవే’ అంటే మడమలెత్తి పైకి లేవడం. అంతకు మించిన గూఢార్థమేదీ లేదు.

మన తాళ పదాలూ అట్టివే. ఆదితాళంలో ఒక లఘువు, రెండు ద్రుతాలు. ఇందలి లఘువు ఒక దెబ్బ, మూడు వేళ్ల లెక్క. ద్రుతం ఒక దెబ్బ, అరచేయి వెల్లకిల తిప్పడం. మొత్తం 8 అక్షరకాలాలు. అయితే ఛందస్సులో ఒకే మాత్రగా చదివిన లఘువు, తాళంలో జాతిని బట్టి 3, 4, 5, 7 లేక 9 అక్షరకాలాలవుతుంది. నిర్వచనం వల్లించిన విద్యార్థి ఇక్కడే తడబడతాడు. తొడపై తాళం వేసి నేర్చినవాడు తడబడడు.

కనుక తెలుగు తరగతిలో ఛందస్సు బోధించేటప్పుడే పది నిమిషాలు తాళం వేయించడం అవసరమని నా అభిప్రాయం. వీణకూ మృదంగానికీ వెల ఉన్నది, అరచేతికి లేదు. సంగీతం కలవారి విద్య అనే మాట అప్పుడు నిలువదు.