నారుమడి లేని ఊడ్పు

మన సంచికలో ఏటేటా విద్యార్థులు–రాజకీయాలు, సినిమా–సమాజం, నిరుద్యోగ సమస్య, వీటి మీద వ్యాసాలు తప్పకుండా ఉంటాయి. ఉండవలసిందే. కాని ఆటల విషయానికి వస్తే, చివరి పేజీల్లో కప్పులు పట్టుకుని నిలబడ్డవాళ్ల గ్రూపు ఫొటో ఒకటీ, దాని కింద పేర్లూ తప్ప మరేం కనపడదు. ఈసారి ఆ ఫొటోకి ముందు నాలుగు మాటలు రాస్తానంటే సంపాదక మిత్రులు సరేనన్నారు. అందులోనూ ఫుట్‌బాల్ గురించి. “భట్టిప్రోలువాడికి ఫుట్‌బాల్‌తో పనేమిటోయ్?” అని హాస్టల్లో ఒకరిద్దరు నవ్వారు కూడాను. పనుందనే నా మనవి.

2025 అక్టోబరు 14న గోవాలోని మడ్‌గావ్‌లో మన దేశపు జట్టు సింగపూర్ చేతిలో 2–1తో ఓడిపోయింది. మొదటి గోలు మనదే. ఆడుతున్నది మన గడ్డ మీదే. అయినా ఓడాం. దాంతో 2027 ఆసియా కప్పుకి దారి మూసుకుపోయింది. సింగపూర్ జనాభా అరవై లక్షలు. మనం నూట నలభై కోట్లు దాటాం. మర్నాటి నుంచీ కోచ్‌ని మార్చాలన్నవారు కొందరు, సమాఖ్యని రద్దు చెయ్యాలన్నవారు కొందరు, విదేశాల్లో పుట్టిన మనవాళ్లని తెచ్చి ఆడించాలన్నవారు ఇంకొందరు. అందరి చూపూ పైనే. పదకొండుమంది ఎవరన్నదే అందరికీ కావాలి. ఆ పదకొండుమంది పదేళ్ల వయసులో ఎక్కడ ఆడారని అడిగినవారు తక్కువ.

డెల్టాలో పుట్టినవాణ్ణి కనక నాకు తెలిసిన భాషలోనే చెబుతాను. నారుమడి పొయ్యకుండా ఊడ్పులకి దిగే రైతుని మనం ఏమంటాం? ఈమధ్య మన వైపు వెదజల్లే పద్ధతి వచ్చిందనుకోండి. కాని ఆటకి వెద పద్ధతి లేదు. నారు పొయ్యాల్సిందే, పెంచాల్సిందే, అదను దాటకుండా నాటాల్సిందే.

అసలు ఈ విద్య మనకి చేతకానిది కాదు. మన తెలుగునాట ఒక బడిపంతులు చేసి చూపించినదే. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదులో పుట్టారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బళ్లలో పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా పుచ్చుకున్నారు. 1943 నుంచి చనిపోయేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. ఆయన చేతిలోపడ్డ హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన కోచ్‌గా భారత జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో ఆస్ట్రేలియాని 4–2తో ఓడించి, సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా దేశం మనదే అనిపించుకుని, నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో అరడజనుకి పైగా హైదరాబాదు కుర్రాళ్లే.

1962 సెప్టెంబరు 4న జకార్తాలో ఆసియా క్రీడల ఫైనల్. సెనయాన్ స్టేడియంలో లక్షమంది జనం, అందులో చాలామంది మనకి వ్యతిరేకం. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ సింగ్ ఒకటి గోల్ చేశారు. దక్షిణ కొరియా మీద 2–1తో మనం గెలిచాం. గోల్‌లో తంగరాజ్, ముందు వరసలో బలరాం, మధ్యలో యూసుఫ్ ఖాన్, ముగ్గురూ మన జంటనగరాలు పెంచినవాళ్లే. అప్పటికే రహీంగారిని క్యాన్సర్ పట్టుకుంది. ఏడాది తిరక్కుండానే, 1963 జూన్‌లో, ఆయన పోయారు. 2024లో ఆయన కథని ‘మైదాన్’ అనే హిందీ సినిమాగా తీశారు. మనలో చాలామందికి ఆ పేరు తెలిసింది అప్పుడే.

రహీంగారు ఏం చేశారన్నదే ఇక్కడ ముఖ్యం. సినిమాలో కనిపించే ఆవేశ ప్రసంగాల మాట అలా ఉంచండి. ఆయన కుర్రవాళ్లకి చిత్రమైన పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో బంతిని కాలి దగ్గర ఉంచుకుని పరుగెత్తడానికి వీల్లేదు, వచ్చిన బంతిని వచ్చినట్టే తోటివాడికి అందించాలి. ఇంకో పోటీలో వాటంలేని కాలితోనే తన్నాలి. అంటే లోపం ఏదో అదే పోటీకి నియమం అన్నమాట. పంతులుగారు లెక్కల్లో వెనకబడ్డవాడి చేత ఎక్కాలు అప్పజెప్పించినట్టు! దీనికి పెద్ద స్టేడియం అక్కర్లేదు. ఖాళీస్థలం, బంతి, వారం వారం తప్పకుండా వచ్చే మాస్టారు ఉంటే చాలు.

ఆయన పోయాక కూడా ఆ మడిలో నారు కొన్నేళ్లు పచ్చగానే ఉంది. 1965–66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970లో బాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టుకి నాయకుడు నయీముద్దీన్, ఆయనతో పాటు హబీబ్, ఇద్దరూ హైదరాబాదీలే. 1974లో అదే బాంకాక్‌లో ఆసియా యువజన పోటీల్లో ఇరాన్‌తో కలిసి మనం ఉమ్మడి విజేతలం. ఆ కుర్రజట్టు కెప్టెన్ షబ్బీర్ అలీ కూడా హైదరాబాదువాడే. కాని నారు పోసే చెయ్యి ఆగింది. ఉన్న మొలకలని కలకత్తా క్లబ్బులు పీక్కుపోయాయి. వాళ్లని తప్పుపట్టలేం, అక్కడ జీతం ఉంది, జనం ఉన్నారు. మళ్లీ పోసేవాడు లేకపోవడమే అసలు నష్టం.

తరువాతి ముచ్చట కూడా చెప్పాలి. 2019లో హైదరాబాద్ ఎఫ్.సి. అని కొత్త జట్టు వచ్చింది. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది కూడా. బ్రహ్మాండం అనుకున్నాం. మూడేళ్లు గడిచేసరికి డబ్బు ఇబ్బందులు, ఆటగాళ్లు తలో దారి. 2025లో జట్టు ఢిల్లీకి తరలి పేరే మార్చుకుంది. నాలుగేళ్ల వయసున్న చెట్టుని లారీలో తెచ్చి పాతితే వేరు పట్టకపోవడంలో వింతేముంది?

ఇక బయటి దేశం సంగతి. వియత్నాంలో ప్లేకూ అనే ఊరుంది. కొండల మీద కాఫీ తోటల మధ్య, రాజధానికి ఎంతో దూరాన. 2007లో అక్కడ హోవాంగ్ ఆన్ యా లాయ్ అనే క్లబ్బు ఒక అకాడమీ పెట్టింది. దేశమంతా తిరిగి వేలమంది పిల్లల్ని చూసి, గుప్పెడుమందిని ఏరి, అక్కడే ఉంచి, చదువూ ఆటా రెండూ నేర్పించారు. ఆ పద్ధతిలో మొదట్లో పిల్లలు బూట్లు లేకుండా ఉత్తకాళ్లతోనే ఆడతారు, బంతి స్పర్శ తెలియడానికి. (మా ఊళ్లో పిల్లలు ఆ పద్ధతిని ఏ అకాడమీ చెప్పకుండానే పాటిస్తున్నారు.) పదకొండేళ్లు ఓపిక పట్టారు. 2018 జనవరిలో చైనాలో, మంచు కురుస్తుండగా, వియత్నాం కుర్రజట్టు అండర్–23 ఆసియా ఫైనల్ ఆడింది. ఓడిపోయింది గాని, ఆసియా అంతా తలతిప్పి చూసింది. ఆ డిసెంబరులోనే ఆగ్నేయాసియా ఛాంపియన్. మరుసటి నెల ఆసియా కప్పు క్వార్టర్ ఫైనల్. ప్లేకూలో పెరిగిన పిల్లలు ఆ జట్ల నిండా ఉన్నారు.

అదే ప్రాంతంలో రెండో దారీ ఉంది. తాతల నాటి చుట్టరికం చూపించి విదేశీ ఆటగాళ్లకి పౌరసత్వం ఇచ్చి ఆడించడం. నిజంగా చుట్టరికం ఉంటే అది న్యాయమే. కాని 2025లో మలేసియా జట్టులోని ఏడుగురి పత్రాలు సరైనవి కావని ఫిఫా వాళ్లని సస్పెండ్ చేసి, అక్కడి సంఘానికి జరిమానా వేసింది. అరువు నారుతో వచ్చే చిక్కు ఇదే.

“అదంతా సరే, మన తెలుగువాళ్ల ఒంటికి ఫుట్‌బాల్ పడదండీ, మనది కబడ్డీ, వాలీబాల్ నేల” అంటారు మా పెద్దలు. కబడ్డీ, వాలీబాల్ మన సొత్తే, కాదన్నవాడెవడు? కాని ఒంటికి పడదన్న మాట నేనొప్పుకోను. నిజామాబాద్ జిల్లాలో ఒక తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య 2025లో దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాల్ క్రీడాకారిణిగా ఎంపికయింది. ఆమె ఉన్న భారత జట్టే 2025 జులైలో చియాంగ్ మాయ్ వెళ్లి థాయిలాండ్‌ని వాళ్ల గడ్డ మీదే 2–1తో ఓడించి ఆసియా కప్పుకి అర్హత తెచ్చుకుంది. చినుకు కోసం ఆకాశం వంక చూసే అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు పల్లెపిల్లలకి ఫుట్‌బాల్ అకాడమీ నెలకొల్పింది. మూడుపంటల డెల్టాలో మనకేం లోటు?

ఇంకో లెక్క. 2017లో మన దేశంలోనే అండర్–17 ప్రపంచ కప్పు జరిగింది. మన జట్టులో 21 మంది. అందులో 8 మంది ఒక్క మణిపూర్ పిల్లలే. 2011 జనాభా లెక్కల్లో మణిపూర్ మొత్తం 28 లక్షలు. అదే ఏడు మన ఉమ్మడి గుంటూరు జిల్లా ఒక్కటే 48 లక్షల పైచిలుకు. దీన్ని రక్తంతో, వాతావరణంతో వివరించడం కుదరదు గాక కుదరదు. అక్కడ ఊరూరా పిల్లవాడి చుట్టూ ఆట ఉంది. ఇక్కడ లేదు, అంతే.

మా వైపు ఏం జరుగుతోందో మీకు తెలియంది కాదు. అయిదో క్లాసుదాకా పిల్లవాడు సాయంత్రమయితే ఇల్లు పట్టడు. ఆరులోనో ఏడులోనో గుంటూరో విజయవాడో తీసుకెళ్లి మేడమీద బడిలో, మేడమీద హాస్టల్లో వేస్తారు. అక్కడ ఆటస్థలం అంటే మెట్ల కింద ఖాళీ. పదీ పన్నెండేళ్ల మధ్య కాలికీ కంటికీ కుదిరే పొందిక ఆ రెండేళ్లలో కుదరకపోతే తర్వాత కుదరడం బహు కష్టం. సరిగ్గా నారు తీసే అదనులో మనం నారుమడిని ఎండగడుతున్నాం. ఊళ్లో మిగిలిన పిల్లలకి స్థలముంటుంది, మాస్టారుండరు. మాస్టారున్నచోట బంతి ఉండదు. బంతి ఉన్నచోట అది బీరువాలో ఉంటుంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలీదు.

ఉన్న పోటీలైనా ఎలా ఉన్నాయి? నాకౌటు పద్ధతి. ఎనిమిది బళ్లు వస్తే మొత్తం ఏడు ఆటలు. మొదటి పూటే నాలుగు బళ్లు ఇంటిదారి పడతాయి. అంటే సగంమంది పిల్లలకి ఏడాదికి ఒక్కటే ఆట! అదే ఎనిమిది బళ్లు లీగు పద్ధతిలో ఆడితే మొత్తం 28 ఆటలు, ఒక్కొక్క బడికి ఏడు. రెండు విడతలు పెడితే ఒక్కొక్క పిల్లవాడికి పద్నాలుగు. అదే పిల్లలు, అదే స్థలం, అదే బంతి. మారింది కాగితం మీద గీసిన పట్టిక ఒక్కటే.

కనుక నేనడిగేది పెద్ద అకాడమీ కాదు. తెనాలి నుంచి వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లె దాకా రైలు దారి ఉంది. ఆ దారి వెంట ఎనిమిది ప్రభుత్వ ఉన్నత పాఠశాలలు తీసుకుందాం. పదమూడేళ్లలోపు పిల్లలు, ఆడపిల్లలకి వేరే జట్లు. జట్టుకి ఏడుగురు, సగం మైదానం. ఆదివారం ఉదయం ఆట. ప్యాసింజరు బండిలో వెళ్లి మధ్యాహ్నానికి ఇల్లు చేరొచ్చు. నెలకో ఆదివారం రహీంగారి నియమం: వాటంలేని కాలితోనే గోలు. మన విద్యార్థి సంఘం పూచీ పడాల్సింది బంతులకీ, రిఫరీలకీ, మజ్జిగకీ. బంతుల ఖర్చు మన వార్షికోత్సవాన వేదిక మీద వేసే పూలదండల ఖర్చుకి మించదని కోశాధికారిని అడిగినా చెబుతాడు.

“దీంతో దేశం జట్టుకి ఎవరైనా వెళ్తారా?” అంటారేమో. మొదటి పదేళ్లలో ఒక్కరూ వెళ్లకపోవచ్చు. నారుమడిలో ప్రతి మొలకా ధాన్యం కాదు. అయినా మడి పొయ్యడం ఎవరూ మానరు. అంతకన్నా ముందు, రెండు వందలమంది పిల్లలు ఆదివారం పూట ఫోను పక్కన పడేసి, పక్క ఊరి పిల్లలతో ఓడడం గెలవడం నేర్చుకుంటారు. అది చిన్న సంగతా?

మా ఊరి స్తూపం దగ్గర 1892లో దొరికిన ధాతు పేటికల మీద రెండువేల ఏళ్లనాటి అక్షరాలున్నాయి. కుబీరకుడనే రాజు పేరుంది. దాంతోపాటు నిగమ సభ్యుల పేర్లు, గోష్ఠి వాళ్ల పేర్లు వరసగా ఉన్నాయి. రాజు ఒక్కడే కట్టలేదు, ఊళ్లో సంఘం కట్టింది. మనకీ సంఘం ఉంది, దాని పేరే ఈ సంచిక అట్ట మీద ఉంది.

విద్యార్థి మిత్రులకి: ఇద్దరిద్దరు చొప్పున ఒక్కో బడి పంచుకోండి. అధ్యాపకులకి: సెలవు రోజుల్లో కాలేజీ మైదానం గేటు తాళం మాకు ఇప్పించండి. పూర్వ విద్యార్థులకి: కప్పు స్పాన్సర్ చెయ్యకండి, ఒక బడికి ఒక వ్యాయామ మాస్టారి ఆదివారపు బత్తెం భరించండి. వచ్చే ఏప్రిల్‌లో కాలువలు కట్టేసేసరికి మినుము తీత అయిపోతుంది, పొలాల్లో పనీ తగ్గుతుంది, బళ్లకి సెలవులిస్తారు. మొదటి ఆదివారం ఆట అప్పుడే పెడదాం. పట్టిక గీసి నా దగ్గర ఉంచాను.