పికప్ బండి: లీటరుకెంత అని కాదు, క్వింటాలుకెంత అని అడగండి

పూర్వం మనవాళ్లు ఎడ్ల జత కొనడానికి సంతకు వెళితే పళ్లు చూసేవారు, గిట్టలు చూసేవారు, సుడులు చూసేవారు. నాగలి కట్టి నాలుగు సాళ్లు తోలి చూపించమనేవారు. గడ్డి ఎంత తింటాయన్న ప్రశ్న ఆఖరున వచ్చేది. ఇప్పుడు ఎడ్ల స్థానంలో పికప్ బండి వచ్చింది. షోరూములో అడుగుపెట్టిన రైతు అడిగే మొదటి ప్రశ్న మాత్రం 'లీటరుకు ఎంత ఇస్తుంది?' అన్నదే. చాలాసార్లు ఆఖరి ప్రశ్న కూడా అదే అవుతోంది.

ఆ ప్రశ్న తప్పని ఎవరూ అనరు. డీజిలు ధర చూస్తే ఎవరైనా అడగాల్సిందే. కానీ కైకలూరు, మండవల్లి, ముదినేపల్లి, కలిదిండి మండలాల చేపల రైతుకు బండి ఎంత తాగుతుందన్నది మూడో ప్రశ్న కావాలి. దారిలో ఆగిపోకుండా ఉంటుందా అన్నది మొదటిది. మన బరువు మోస్తుందా, లాగుతుందా అన్నది రెండోది. ఎందుకో ఒక్కొక్కటిగా చూద్దాం.

మన బరువు మనకే తెలియదు

మన ప్రాంతంలో పికప్ మోసేవి ముఖ్యంగా మూడు: మేత, చేపపిల్ల, పట్టుబడి అయిన చేప. ఈ మూడింటి బరువూ పైకి కనబడే దానికంటే ఎక్కువ.

తవుడు బస్తాలు, చెక్క బస్తాలు లెక్కకు అందుతాయి. చేప సంగతి అలా కాదు. మన ఎండల్లో కిలో చేపకు కిలో ఐసు వేయాలని నిపుణులు చెబుతారు. అంటే టన్నున్నర మోసే బండిలో ఐసు సరిగా వేస్తే చేప పట్టేది ముప్పాతిక టన్నే. ట్రేల బరువు కూడా కలిపితే అంతకంటే తక్కువ. చేపపిల్ల అయితే మరీను. వెయ్యి లీటర్ల టాంకు నిండా నీళ్లు పోస్తే నీళ్లే టన్ను బరువు. ముప్పాతిక టన్ను మోసే చిన్న బండి మీద ఆ టాంకు పెట్టారంటే ఇంకా ఒక్క పిల్ల పడకముందే బండి పరిమితి దాటిపోయిందన్నమాట. పైగా ఆ నీరు ఊగుతుంది. మలుపులో నీరు ఒక పక్కకు ఒరిగితే బండీ ఒరుగుతుంది.

'మనవాళ్లు వేస్తూనే ఉన్నారుగా, ఏమైంది?' అంటారు. అయ్యేది ఒక్కరోజులో కనబడదు. కమాను కట్టలు కూర్చుంటాయి, వెనక చక్రాల బేరింగులు పోతాయి, టైర్లు పగులుతాయి, బ్రేకు వేస్తే బండి పది గజాలు ఎక్కువ దూరం పోయి ఆగుతుంది. ఇక చట్టం సంగతి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అధిక లోడుకు 20,000 రూపాయల జరిమానా, అదనంగా ఉన్న ప్రతి టన్నుకూ 2,000. ఆర్.సి.లో రాసి ఉన్న మొత్తం బరువులో బండి బరువు, డ్రైవరు బరువు కూడా కలిసే ఉంటాయని చాలామంది గమనించరు.

లీటరు లెక్క, క్వింటాలు లెక్క

ఇప్పుడు మైలేజీకి వద్దాం. రెండు బండ్లు ఉన్నాయనుకుందాం. ఒకటి ముప్పాతిక టన్ను మోస్తుంది, లీటరుకు 20 కిలోమీటర్లు ఇస్తుంది. రెండోది టన్నున్నర మోస్తుంది, లీటరుకు 13 ఇస్తుంది. ఇవి లెక్క కోసం తీసుకున్న అంకెలు, మీ బండి అంకెలు మీరు వేసుకోండి. చెరువుకు పోయి రావడానికి 40 కిలోమీటర్లు. మూడు టన్నుల మేత తోలాలి.

చిన్న బండి నాలుగు ట్రిప్పులు తిరగాలి. 160 కిలోమీటర్లు, 8 లీటర్లు. పెద్ద బండికి రెండు ట్రిప్పులు చాలు. 80 కిలోమీటర్లు, 6 లీటర్ల పైచిలుకు. 20 ఇచ్చే బండి కంటే 13 ఇచ్చే బండికే ఇంధనం తక్కువ పట్టింది. డ్రైవరు కూలి, హమాలీలు ఎదురుచూసే పొద్దు వేరే.

అలాగని పెద్ద బండే మేలని అనేయకండి. అదే దారిలో రోజూ ఆరు బస్తాలు, అంటే 300 కిలోలు తోలే రైతుకు చిన్న బండికి 2 లీటర్లు పడితే పెద్ద బండికి 3 లీటర్ల పైన పడుతుంది. సగం ఖాళీగా తిరిగే పెద్ద బండి నష్టం, పరిమితి దాటి తిరిగే చిన్న బండి కూడా నష్టమే. మీ బరువు ఎంతో తెలిస్తే మీ బండి ఏదో దానంతట అదే తేలుతుంది.

కంపెనీవారు చెప్పే మైలేజీని కూడా కాస్త తగ్గించి చూసుకోవాలి. ఆ అంకె అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు వచ్చింది. మన బండి గుడివాడ–కైకలూరు–ఆకివీడు జాతీయ రహదారి మీద ఒక రకంగా తిరుగుతుంది, లంక గ్రామాల రోడ్ల మీద గోతులు దాటుతూ రెండో గేరులో ఇంకో రకంగా తిరుగుతుంది. నిజం తెలుసుకోవడానికి ఒక్కటే మార్గం. ఒకే బంకులో టాంకు నిండా కొట్టించి, మీటరు రాసుకుని, మామూలు లోడుతో మామూలు దారిలో తిరిగి, మళ్లీ నిండా కొట్టించండి. మూడుసార్లు చేసి సగటు తీయండి. కొనబోయే మోడలు మీ ఊళ్లో ఎవరికైనా ఉంటే వారిచేత ఈ పని చేయించండి. షోరూము కాగితం కంటే ఆ అంకె నమ్మదగ్గది.

లాగడమంటే ఏమిటి?

ఇంజను బలమంటే చాలామంది హార్స్‌పవరు చూస్తారు. రోడ్డు మీద వేగానికి అది పనికొస్తుంది. లోడుతో బురదలోంచి, ర్యాంపు మీద నుంచి కదలడానికి కావలసింది చక్రాన్ని తిప్పే బలం, అంటే టార్కు. అది ఎంత ఉందన్నదే కాదు, ఇంజను ఎంత నెమ్మదిగా తిరిగేటప్పుడు వస్తుందన్నది చూడాలి. తక్కువ ఆర్.పి.ఎం. వద్దనే వస్తే బండి ఏడవకుండా కదులుతుంది. ఆలస్యంగా వస్తే డ్రైవరు క్లచ్ మీద కాలు పెట్టి గర్రుమనిపించాలి. ఆ లెక్కన క్లచ్ ప్లేటు ఏడాదికే షెడ్డుకు చేరుతుంది.

ఇక్కడ ఇంకొక మాట. ఎంత మంచి పికప్ అయినా తడి గట్టు దాని చోటు కాదు. ఖాళీగా ఉంటే వెనక బరువు లేక చక్రాలు జారతాయి, లోడుతో ఉంటే దిగబడతాయి. మన రేగడి నేల సంగతి మీకు వేరే చెప్పాలా? పైగా చక్రాల గాడిలో వాననీరు నిలిచి గట్టు మెత్తబడుతుంది. గట్టు తెగితే పోయేది మేత కాదు, పంట. గట్టు మీదకు ట్రాక్టరు, రోడ్డు మీదకు పికప్. ఈ పని విభజన పాటించిన రైతుకు రెండు బండ్లూ ఎక్కువ కాలం వస్తాయి.

పికప్ వెనక ట్రాక్టరు ట్రక్కు తగిలించి లాగించే ఆలోచన చేయకండి. లాగగలదా అన్నది కాదు సమస్య, ఆపగలదా అన్నది. మన ట్రక్కులకు చాలావాటికి బ్రేకులు ఉండవు. వెనక నుంచి రెండు టన్నులు తోస్తుంటే వంతెన దిగేటప్పుడు పికప్ బ్రేకులు ఏం చేయగలవు?

ఆగిపోతే పోయేదెంత?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఒక బండి లీటరుకు 14, ఇంకొకటి 12 ఇస్తుందనుకుందాం. నెలకు 1,500 కిలోమీటర్లు తిరిగితే తేడా 18 లీటర్లు. లీటరు వంద రూపాయల లెక్కన 1,800 రూపాయలు. ఇక టన్ను చేపతో బండి మే నెల మధ్యాహ్నం దారిలో ఆగిందనుకోండి. మెకానిక్కు వచ్చేసరికి ఐసు కరిగి, చేప మెత్తబడి, కిలోకు 10 రూపాయలు తగ్గిస్తే 10,000 పోయినట్టే. అయిదారు నెలలు కూడబెట్టిన మైలేజీ ఒక్క పూటలో కరిగిపోతుంది.

అందుకే 'ఏ కంపెనీ గట్టిది?' అని వాదించుకునే బదులు నాలుగు విషయాలు విచారించండి. మీ ఊరికి 20 కిలోమీటర్లలో ఆ ఇంజను విప్పగలిగిన మెకానిక్కు ఉన్నాడా? క్లచ్ ప్లేటు, ఫిల్టర్లు, బేరింగులు కైకలూరులోనో ఏలూరులోనో భీమవరంలోనో అదే రోజు దొరుకుతాయా? కంపెనీ సర్వీసు వ్యాను రాత్రిపూట వస్తుందా? అయిదేళ్లు తిరిగిన అదే మోడలు సెకండుహ్యాండులో ఎంత పలుకుతోంది? ఆఖరు ప్రశ్నకు వచ్చే జవాబు అబద్ధమాడదు. పది మంది అనుభవం ఆ ధరలో ఉంటుంది.

1980లలో డీసీఎం టయోటా, స్వరాజ్ మాజ్దా, జహీరాబాదులో తయారైన ఆల్విన్ నిస్సాన్ వంటి జపాను సాంకేతికత బండ్లు వచ్చాయి. వాటిలో కొన్ని పేర్లు తర్వాత మార్కెట్టులోనే లేకుండా పోయాయి. తయారీ ఆగిపోయిన బండికి విడిభాగాలు వెతుక్కోవడం ఎంత కష్టమో అవి నడిపినవారికి తెలుసు. కొత్త మోడలు మెరుపు చూసి మొదటి బండి మీరే కొనకండి. రెండేళ్లు ఇంకొకరు తిప్పాక చూడవచ్చు.

2020 తర్వాతి బండ్లు

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధన వచ్చింది. పొగ తగ్గింది, మంచిదే. కానీ డీజిలు బండి పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు చేరింది. ఆ మసి కాలిపోవాలంటే బండి అప్పుడప్పుడు మంచి వేగంతో కొంతసేపు ఆగకుండా పరుగెత్తాలి. రోజూ రెండు మూడు కిలోమీటర్లు తిరిగి ఆగే బండిలో మసి పేరుకుని లైటు వెలుగుతుంది, బలం తగ్గుతుంది. లైటు వెలిగినా పట్టించుకోకపోతే ఖర్చు పెద్దదవుతుంది. మీది పూర్తిగా దగ్గర తిరుగుడే అయితే పెట్రోలు లేదా సీఎన్జీ చిన్న బండిని కూడా పోల్చి చూడండి. సీఎన్జీ సిలిండర్ల బరువు మీ లోడులోంచే పోతుందని మాత్రం మరవకండి.

కొన్ని డీజిలు బండ్లకు యూరియా ద్రవం కూడా పోయాలి. పొలానికి తెచ్చిన యూరియా నీళ్లలో కలిపి పోస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే వినకండి. ఎరువు యూరియాకు వేపపూత ఉంటుంది, మలినాలుంటాయి. ఆ పరికరం మొత్తం పాడవుతుంది.

నీరు మన బండికి ఇంకో శత్రువు. చేప నీరు, ఐసు నీరు బాడీ సందుల్లోంచి చాసిస్ మీద కారి తుప్పు పట్టిస్తాయి. ప్రతి లోడు తర్వాత మంచినీళ్లతో అడుగుభాగం కూడా కడగండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేటికి చేరినప్పుడు నీళ్లలో బండి నడపాల్సి వచ్చినవారు ఉన్నారు. నీళ్లలో ఇంజను ఆగిపోతే మళ్లీ స్టార్టు చేయకూడదు, తోసి బయటకు తేవాలి. తర్వాత వెనక హౌసింగులో ఆయిలు చూడండి. పాలలా తెల్లబడితే నీరు చేరినట్టే, వెంటనే మార్పించాలి.

ఏ బండి ఎవరికి?

2005లో వచ్చిన టాటా ఏస్ ముప్పాతిక టన్ను తరగతికి దారి తీసింది. రెండు సిలిండర్ల, 702 సీసీ ఇంజనుతో ఇరుకు వీధుల్లో తిరిగే బండి అది. ఆ తరగతి బండ్లు రోజువారీ కొద్దిపాటి మేతకు, కూరగాయలకు సరిపోతాయి, టాంకు నీళ్లకు, ఐసు లోడుకు కాదు. 2011లో వచ్చిన అశోక్ లేలాండ్ దోస్త్, 2019లో వచ్చిన టాటా ఇంట్రా మధ్య తరగతి. టన్ను పైన లోడుతో తారు రోడ్డు మీద ఎక్కువ తిరిగేవారికి ఇవి మైలేజీకి, మోతకు మధ్యస్తంగా ఉంటాయి. మహీంద్రా బొలేరో పికప్ వంటివి రెండున్నర లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజనుతో వస్తాయి. కాస్త ఎక్కువ తాగినా పూర్తి లోడుతో ఇంజను ఆయాసపడదు. వారానికి నాలుగైదు రోజులు పూర్తి లోడు ఉన్నవారు వీటిని చూడవచ్చు. మన రాష్ట్రంలోనే శ్రీసిటీలో 2016 నుంచి తయారవుతున్న ఇసుజు డి-మ్యాక్స్ కూడా ఉంది. ఏదైనా పైన చెప్పిన నాలుగు ప్రశ్నలకు నిలబడాలి.

లైసెన్సు గురించి చాలామందికి సందేహం ఉంది. మొత్తం బరువు 7,500 కిలోలు దాటని సరుకు బండిని తేలికపాటి వాహనాల లైసెన్సుతోనే నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తేల్చింది. పికప్‌లు ఈ పరిమితిలోవే.

అసలు కొనాలా?

చివరిగా, షోరూమువారు అడగని ప్రశ్న. నెలకు వాయిదా 15,000, బీమా, పన్ను, టైర్లు, రిపేర్లకు 5,000 అనుకుందాం. డీజిలు పోయకముందే, డ్రైవరు ఎక్కకముందే 20,000. నెలకు 25 ట్రిప్పులు ఉంటే ట్రిప్పుకు 800 పడుతుంది. 8 ట్రిప్పులే ఉంటే 2,500. ఆ ధరకు కిరాయి బండే ఇంటి ముందుకు వస్తుంది. ఖాళీగా నిలబడ్డ బండి కూడా వాయిదా అడుగుతూనే ఉంటుంది. చేప ధర పడిపోయిన ఏడాది ఆ వాయిదా చెరువు లీజుతో పోటీ పడుతుంది.

అయిదారెకరాల రైతులు పక్క చెరువుల వారితో నలుగురు కలిసి ఒక బండి కొనుక్కోవడం మేలు. ఎవరి ట్రిప్పు వారు పుస్తకంలో రాసుకుని, కిలోమీటరుకు ఇంత అని జమ చేసుకుంటే తగవు రాదు. అదీ కుదరకపోతే కిరాయికి తోలించుకోవడంలో చిన్నతనమేమీ లేదు. పక్కవాడి ఇంటి ముందు బండి ఉందని మనమూ కొంటే ఆ బండి మనల్ని మోయదు, మనమే దాన్ని మోయాలి.

కాబట్టి షోరూముకు వెళ్లేముందు ఒక్క నెలపాటు మీ మోతలన్నీ నోటు పుస్తకంలో రాయండి. ఏ రోజు, ఎన్ని క్వింటాళ్లు, ఎన్ని కిలోమీటర్లు, ఏ దారి. ఆ కాగితం చేతిలో పట్టుకుని వెళ్లండి. అప్పుడు బండిని మీరు ఎంచుకుంటారు. ఆ కాగితం లేకపోతే అమ్మేవాడు ఎంచి పెడతాడు.