బేరగాడికి ఫోన్ చేసేముందు గిట్ట ఎత్తి చూడండి

ఈసారి కొంచెం పెద్దగా రాస్తన్నా, కొంచెం ఘాటుగా కూడా రాస్తన్నా. కోపం వస్తే రానీండి గానీ, మొత్తం చదివినాక రానీండి.

మొన్న మా బజార్లో ఒక గేదెను బొలెరో ఎక్కించారు. మూడో ఈత గేదె, పూటకి నాలుగు లీటర్లు ఇచ్చింది. రెండు నెలల నుంచి వెనక కాలు లాగుతా ఉంది. మూడు ఇంజక్షన్లు పొడిపించారు, నడుముకి ఏదో నూనె రాశారు, ఒకాయన వాత కూడా పెట్టమన్నాడు. ఆఖరికి బేరగాడికి ఫోన్ చేశారు. లక్ష పెట్టి కొన్న గొడ్డు ముప్పై ఐదు వేలకు పోయింది. బండి ఎక్కేటప్పుడు దాని వెనక గిట్టలు చూశా. ముందు కొసలు జానపద సినిమాల్లో రాజుగారి చెప్పుల్లాగా పైకి వంకర తిరిగి ఉన్నాయి. "కాలు పోయింది బాబాయ్, ఏం చేసేది" అన్నాడు ఆ కుర్రాడు. కాలు పోలేదురా అబ్బాయ్. గిట్ట పెరిగింది. మనిషికి గోరు పెరిగితే కాలు తీసేస్తామా?

నేనేదో పెద్ద తెలిసినవాణ్ణని చెప్పట్లా. నాలుగేళ్ళ కిందట నేనూ ఇదే పని చేశా. మా గేదె కుంటింది, నెల చూశా, అమ్మేశా. కొన్నాయన పక్క ఊరి రైతే. ఆరు నెలల తర్వాత ఒక పెళ్ళిలో కనపడి, నవ్వుతా చెప్పాడు. పశువుల డాక్టర్ని పిలిపించి గిట్ట ఎత్తిస్తే, అడుగున సందులో కందిగింజంత కంకర రాయి ఇరుక్కుని ఉందంట. అది తీసి, చుట్టూ చెక్కి, మందు పెట్టి కట్టు కడితే పదిహేను రోజులకు మామూలుగా నడిచింది. మళ్ళీ ఈనింది, ఇప్పటికీ ఆయన ఇంట్లో పాలిస్తంది. ఆ పూట నాకు అన్నం దిగలేదు. పోయిన డబ్బులు ఒక ఎత్తు. నెల రోజులు ఆ రాయి మీద బరువేసి నిలబడ్డ గొడ్డుకి రోజూ పొద్దున్నే పాలు పితికానే గానీ, ఒక్కసారి కూడా కాలు ఎత్తి చూడలేదు. అది ఇంకో ఎత్తు.

మనకి గిట్ట సంగతి తెలియక కాదు. బండలాగుడు పందేల ఎడ్లు పెంచే వాళ్ళ దగ్గరికి పోయి చూడండి. సంక్రాంతికి, శివరాత్రి తిరునాళ్ళకు రెండు పళ్ళ జత, నాలుగు పళ్ళ జత అని పందేలు పెడతాం కదా. ఆ ఎడ్లకు ఉలవలు, బాదం ఒక లెక్కయితే, గిట్టలు ఇంకో లెక్క. కొసలు పెరగనియ్యరు, ఆకురాయితో రాస్తారు, రోజూ మట్టి నేల మీద నడిపిస్తారు, తిరిగొచ్చినాక కాళ్ళు కడుగుతారు. గిట్ట పట్టు లేకపోతే బండ కదలదని వాళ్ళకి తెలుసు. మరి మీ పిల్లల ఫీజులు కట్టేది పందెం ఎద్దా, పాలగేదా? కప్పు తెచ్చే కాలికి ఆకురాయి, కూడు పెట్టే కాలికి బేరగాడా? ఇదెక్కడి న్యాయం?

మా చిన్నప్పుడు ఊళ్ళో నాడాలు కొట్టే మనిషి ఉండేవాడు. కోటప్పకొండ తిరునాళ్ళకు బండ్లు కట్టేముందు ఆయన చుట్టూ జనం. గుర్రానికి ఒంటి గిట్ట, కాలికొక నాడా. ఎద్దుకి చీలిన గిట్ట, కాలికి రెండు చొప్పున ఎనిమిది బిళ్ళలు కొట్టాలి. ఎద్దుని తాళ్ళేసి పడగొట్టి, నాలుగు కాళ్ళూ కలిపి కట్టి, ముందు కత్తితో గిట్ట అడుగు చదును చేసి, ఆ తర్వాతే మేకు కొట్టేవాడు. అంటే నాడాతో పాటు గిట్ట వైద్యం కూడా అయిపోయేది. ఎక్కడ చీము ఉందో, ఎక్కడ మెత్తగా ఉందో వేలితో నొక్కి చెప్పేవాడు. ట్రాక్టర్ వచ్చింది, ఎద్దులు పోయినయి, ఎద్దులతో పాటు ఆయన పనీ పోయింది. కొట్టాల్లో గేదెలు నిండినయి. వాటికి నాడాలు అక్కర్లేదు కాబట్టి గిట్ట చూడటం కూడా అక్కర్లేదు అనుకున్నాం. తప్పు అక్కడ మొదలైంది.

"గిట్టలు చెక్కించడం గుర్రాల వాళ్ళ సోకు, మనకెందుకు" అని నాతో అన్నవాళ్ళు ఉన్నారు. సరే, గుర్రాల సంగతే చూద్దాం. గుర్రం పెంచేవాడు ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి గిట్ట చెక్కిస్తాడు. అమెరికాలో జేమీ జాక్సన్ అని ఒకాయన, నాడాలు కొట్టడమే వృత్తిగా బతికినవాడు, 1980ల్లో నెవాడా వైపు అడవి గుర్రాల వెంట తిరిగి గిట్టలు చూశాడు. నాడా లేదు, చెక్కేవాడు లేడు, అయినా గిట్టలు గట్టిగా, పొట్టిగా, గుండ్రంగా ఉన్నాయి. కారణం మంత్రమేం కాదు. అవి రోజంతా ఎండు నేల మీద, రాళ్ళ మీద నడుస్తయి, గడ్డి మేస్తయి. నడిచిన కొద్దీ గిట్ట అరుగుద్ది. అప్పటి నుంచి ఆ దేశాల్లో నాడా కావాలా వద్దా అని గుర్రాల వాళ్ళు కొట్టుకుంటానే ఉన్నారు. నాకు ఆ గొడవ అక్కర్లేదు. నాకు కావాల్సింది ఒక్కటే. గిట్ట అంటే ఒక్క గిట్టే కాదు. తిండి, నేల, నడక, చెక్కడం నాలుగూ కలిస్తేనే గిట్ట. ఇప్పుడు ఈ నాలుగూ మన గేదెకు ఎట్లా ఉన్నాయో చూడండి.

నడక లేదు. పొలాలన్నీ పత్తి, మిరప. మేపుకి బీడు లేదు, తోలేవాడు లేడు. మూరెడు పలుపుతో గుంజకు కట్టేస్తే ఈనినప్పటి నుంచి వట్టిపోయే దాకా అదే చోటు. ఆవు గిట్ట నెలకు సుమారు అర సెంటీమీటరు పెరుగుద్దని డాక్టర్లు చెప్తారు, గేదెకూ కొంచెం అటూ ఇటూగా అంతే వేసుకోండి. అరగకపోతే ఏడాదికి ఎంతయిద్దో మీరే లెక్కేసుకోండి. కొస పెరిగే కొద్దీ బరువు వెనక్కి పడి, మడమ నేలకు ఆని, నరం లాగి కుంటుద్ది. దానికి మనం నడుము నొప్పి ఇంజక్షన్ పొడిపిస్తాం.

నేల సంగతి ఇంకా ఘోరం. మన మాచర్ల, పిడుగురాళ్ళ వైపు నాపరాళ్ళు చవక కదా అని కొట్టం నిండా పరిచాం. నున్నటి రాయి, దాని మీద ఉచ్చ, పేడ. గేదె లేవబోతే జారిద్ది, కాళ్ళు రెండూ రెండు వైపులకు పోతయి. రాత్రంతా తడిలో నానిన గిట్ట సబ్బుబిళ్ళలాగా మెత్తబడుద్ది, చిన్న కంకర కూడా దిగబడుద్ది. ఇప్పుడు ఉపాధి హామీ కింద గోకులం షెడ్లు కట్టిస్తన్నారు, మంచిదే, నేను కాదనను. కానీ పైకప్పుకీ సిమెంటుకీ డబ్బులిచ్చే సర్కారు గిట్ట చెక్కడానికి ఊరికొక మనిషిని తయారు చేస్తే ఎంతయిద్ది? రైతు సేవా కేంద్రంలో ఎరువు బస్తా దొరుకుద్ది. ఆకురాయి పట్టుకోవడం నేర్పే మనిషి మాత్రం నేను పోయినప్పుడల్లా కనపడలేదు. పశు వైద్యుల్ని అనట్లా. చూడి కట్టించడానికి, టీకాలకే వాళ్ళకి తీరిక లేదు. మనం అడగట్లేదు కాబట్టి వాళ్ళు పెట్టట్లేదు. అడగాలి.

ఇక తిండి. ఇది చదివేటప్పుడు ఎవరి గాడి వాళ్ళు గుర్తు తెచ్చుకోండి. పెళ్ళిలో మిగిలిన అన్నం డేగిసాలకు డేగిసాలు తెచ్చి గేదెకు పోస్తాం, పాలు పెరుగుతయని నూకల జావ బకెట్లకు బకెట్లు తాపుతాం. చొప్ప, వరిగడ్డి తగ్గించి పిండి పెంచితే పొట్టలో పులుపు పుట్టుద్ది. ఎక్కువైతే గొడ్డు రెండు రోజుల్లో చచ్చిపోద్ది, అది అందరికీ తెలుసు. చావకుండా బతికితే ఆ దెబ్బ గిట్ట లోపలి రక్తనాళాలకు తగులుద్ది, ఇది మాత్రం చాలామందికి తెలియదు. గుర్రానికి గింజలు ఎక్కువ పెట్టినా ఇదే జబ్బు. అప్పుడే కుంటదు. లోపల దెబ్బ తిన్న చోటు పైకి పెరిగి రావడానికి ఆరేడు వారాలు పడుద్ది. సంక్రాంతికి అన్నం పోస్తే శివరాత్రికి కుంటుద్ది. అందుకే మనకి కారణం దొరకదు, దిష్టి తగిలిందంటాం. గిట్ట మీద అడ్డంగా మెట్లు మెట్లుగా గీతలున్నాయేమో చూడండి. అవి తిండి తేడా చేసిన రోజుల గుర్తులే చాలా వరకు.

చెక్కడం గురించి నాకు డాక్టర్ గారు చూపించినంత వరకు రాస్తా. ఆరు నెలలకొకసారి చూడాలి, వట్టిపోయినప్పుడు తప్పనిసరిగా. నిండు చూడి మీద మాత్రం బోనులో పెట్టి పెనుగులాడించొద్దు. వెనక కాళ్ళకు బయట వైపు చీలిక ఎక్కువ పెరుగుద్ది, దాన్ని లోపలి దానితో సమానం చేయాలి. వెంట్రుక మొదలు నుంచి కొస దాకా ఆవుకైతే మూడంగుళాలు ఉంచుతారు. గేదె పెద్ద గొడ్డు కాబట్టి కొంచెం ఎక్కువే ఉంచండి. మడమ వైపు కత్తి పెట్టొద్దు. అడుగున బొటనవేలితో నొక్కితే లోపలికి పోతందంటే అప్పటికే పలచబడిందని అర్థం, ఇంక చెక్కొద్దు. గులాబీ రంగు కనపడబోతందంటే ఆపేయాలి. అదాటున కొడవలితో, గొడ్డలితో నరికేవాళ్ళు ఉన్నారు, దండం పెడతా, ఆ పని చేయొద్దు. నేర్చుకోని చెయ్యి కొస వరకే ఆకురాయితో రాయాలి, మిగతాది డాక్టర్ గారికి వదిలేయాలి. 1962కి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్సు వచ్చిద్ది, కుంటే గొడ్డుని సంత దాకా నడిపించే పని లేదు.

ఒక జాగ్రత్త. నోట్లో పుండ్లు, చొంగ, దాంతో పాటు కుంటడం ఉంటే అది గాలికుంటు. దాన్ని చెక్కకూడదు, ఆ గొడ్డుకి వాడిన తాడు గానీ కత్తి గానీ ఇంకోదానికి వాడకూడదు, వెంటనే డాక్టర్ గారికి చెప్పాలి. ఏడాదికి రెండుసార్లు టీకా ఊరికే వేస్తన్నారు, పాలు తగ్గుతయని గేదెల్ని దొడ్డిదారిన దాచేవాళ్ళని నేను చూశా. రెండు రోజుల పాల కోసం కాళ్ళు పోగొట్టుకుంటారా?

వానాకాలం గిట్టల సందులు కుళ్ళుతుంటే పది లీటర్ల నీళ్ళకు అర కేజీ మైలుతుత్తం కలిపి, ముందు కాళ్ళు కడిగి, ఆ నీళ్ళల్లో కాసేపు నిలబెట్టండి. అది విషం, గేదె తాగకుండా చూసుకోండి, చెరువులో పారబోయొద్దు. కొట్టంలో సగమన్నా మట్టి నేల ఉంచండి. నాపరాళ్ళు తీయలేకపోతే ఉలితో గాట్లన్నా పెట్టించండి, కాలు జారదు. పూటకి అరగంట విప్పి తిప్పండి. ఇందులో డబ్బు పెట్టే పని ఏదన్నా ఉందా?

"తీరిక ఎక్కడుంది, కూలోళ్ళు ఎక్కడున్నారు, గేదె తన్నితే ఎవడు దిక్కు" అంటారు. తన్నుద్ది, నిజమే. నా మోకాలి చిప్పే సాక్ష్యం. అందుకే ఆసుపత్రి ముందు ఇనుప గొట్టాల బోను ఉంది, పది ఇళ్ళు కలిస్తే ఊళ్ళోనే సరివి కర్రలతో ఒకటి పాతుకోవచ్చు. తీరిక లేదనే మాట మాత్రం నేను ఒప్పుకోను. గేదెను అమ్మడానికి బేరగాడితో టీ బంకు దగ్గర మూడు గంటలు కూర్చున్న మనిషికి, కాలు ఎత్తి చూడటానికి మూడు నిమిషాలు లేవా?

ఈ ఆదివారం మా కొట్టం దగ్గర రెండు గేదెలకు చెక్కిస్తన్నాం. డాక్టర్ గారు వస్తానన్నారు. బోను పాతడం అయింది. చూడాలనుకునేవాళ్ళు పొద్దున పాలు పోసొచ్చి, ఎండెక్కకముందే రండి. టీ నీళ్ళు మావి. ఆకురాయి మాత్రం ఎవరిది వాళ్ళు తెచ్చుకోండి, పోయినసారి ఇచ్చింది ఇంతవరకు తిరిగి రాలేదు.