ఫిజీ ప్రధానమంత్రిగారికి పాలమూరునుండి ఒక లేఖ

ఫిజీ ద్వీపరాజ్య ప్రధానమంత్రి శ్రీ సితివేని రబూకాగారి సముఖమునకు, కొత్తకోటనుండి ఒక కౌలురైతు కుమారుడు నమస్కరించి వ్రాయునది.

ఆర్యా,

1987 మే 14న తాము నడపిన సైనిక తిరుగుబాటునకుగాను, 2023లో మరల అదే తేదీని, భారతసంతతివారిని తాము క్షమింపుమని వేడితిరని చదివి, ఆ తేదీయే 1879లో ‘లియోనిడాస్’ ఓడ తొలి కూలీలతో మీ తీరము చేరిన దినమని తెలిసి, చాలసేపు పత్రిక మడువలేకపోతిని. అధికారమందుండి తప్పొప్పుకొనువారు అరుదు. కనుక ముందుగా అభినందనము.

1916 వరకు అరవైవేలకు పైబడిన జనము ఐదేండ్ల ఒడంబడికపై ఓడలెక్కిరి. 1903 నుండి చెన్నపట్టణపు రేవునుండియు ఓడలు కదలగా తెలుగువారును అందు చేరిరి. ‘అగ్రిమెంటు’ అను మాట వారి నోళ్లలో నలిగి ‘గిర్మిట్’ అయ్యెను. మా సీమ అప్పుడు నిజాము రాజ్యము. మావారికి ఓడలతో పనిలేకపోయెను, రైలును లారీయును చాలెను. నా బాల్యమున ఒక గుంపుమేస్త్రి మా అరుగుపై కూర్చుండి, ఆలుమగల జంటకింత యని అడ్వాన్సు లెక్కించి యియ్యగా, పుచ్చుకొన్నవాడు కాగితముపై బొటనవ్రేలొత్తి, సిరా మిగిలిన ఆ వ్రేలిని మా సున్నపుగోడకు తుడిచి లేచిపోయెను. ఆ నీలిమరక మరల వెల్లవేయువరకు నుండెను. ఏ రాష్ట్రమున ఆనకట్ట లేచినను ‘పాలమూరు లేబరు’ అను పేరు వినబడుట అట్టి వ్రేళ్లవలననే. ఆ నీరు మాత్రము వారి చేలకు చాలకాలము రాలేదు.

గవర్నరు ఆర్థర్ గార్డన్ మీ స్థానికుల భూమి అన్యాక్రాంతము గాకుండ కట్టడిచేసి, చెఱకుతోటలకు కూలీలను సముద్రముమీదుగా రప్పించెను. మొదటిది న్యాయము, రెండవదానిని అట్లనజాలను. నేటికిని నూటికి ఎనుబదిపాళ్లకు మించిన భూమి స్థానికవంశముల ఉమ్మడిసొత్తుగా నుండుట నాకు సమ్మతమే, దానిని అమ్మరాదనుటయు సమ్మతమే. కాని 1976 నాటి చట్టమును బట్టి వచ్చిన కౌళ్లు 1997 మొదలు గడువు తీరగా, తరతరములుగా చెఱకు పండించిన కుటుంబములనేకము చేను విడిచి సూవా శివారు గుడిసెలకు చేరెను. మరికొందరు ఆస్ట్రేలియాకును న్యూజీలండునకును తరలిరి. ఒకప్పుడు దేశమున సగముమేరకున్న భారతసంతతివారు 2007 జనగణన నాటికి నూటికి ముప్పదియేడుగురైరి. పిమ్మట 2016లో విన్‌స్టన్ తుపాను, 2017లో ఐరోపా చక్కెర కోటాల అంతము చెఱకుసాగును మరింత క్రుంగదీసెను.

పొలమున బావి త్రవ్వింపవలెనా, మామిడి నాటవలెనా యని తలపోయునపుడు కౌలుదారు లెక్కించునది తనకు మిగిలిన యేండ్లను. మా నాయన ఒక్క చెట్టు నాటలేదు; ఏటేట ఉగాదికి ఆసామి మాట మారుచుండెను. సొంతయూరిలోనే కౌలుకాగితము లేనివాడు సముద్రమావలివారికి సలహా చెప్పుట యేమని తాము నవ్వవచ్చును. నవ్వుడు, కాని వినుడు. గడువు తీరుటకు చాలముందుగనే పునరుద్ధరణమో కాదో తెలుపుట, వెడలువానికి తాను చేసిన బాగుకు మూల్యమిచ్చుట, భూస్వామివంశమునకు నేటి ధరకు తగిన కౌలు ముట్టించుట, ఈ మూడింటిని జంకులేక జరిపింపుడు.

అచ్చటి తెలుగువారు 1941లో ఆంధ్రసంగము స్థాపించుకొని బడులు నడుపుచున్నారు. తాము ఎన్నడైన అట్టి బడికి విచ్చేసినచో, ముందువరుసలోని చెఱకురైతు పిల్లవానిని పిలిచి, మీ నాయనకు ఇంక ఎన్నేండ్ల కౌలు మిగిలియున్నదని యడుగుడు.

ఇట్లు,
విధేయుడు,
కొత్తకోట, పాలమూరు సీమ.